బండి సెగ నుంచి కాళ్లను కాపాడుకున్న వైనం

నాది లిక్విడ్ కూల్డ్ బండి, సింగిల్ సిలిండర్. అంటే ఇంజన్ వేడిని కూలెంట్ అనే ద్రవం రేడియేటర్‌కి మోసుకెళ్తుంది, అక్కడ అది గాలికి చల్లారుతుంది. రోడ్డు ఖాళీగా ఉంటే దాని మీద ఎంత దూరమైనా పోవచ్చు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నామా, కుంపటి మీద కూర్చున్నట్టే. కుడి పిక్క చురచురలాడేది, తొడల లోపలివైపు మండేది, కాసేపటికి సీటు ముందు భాగం కూడా వేడెక్కేది. సర్వీసుకిచ్చినప్పుడల్లా మెకానిక్‌ది ఒకటే మాట: "పెద్ద బండ్లన్నీ ఇంతేనన్నా, అలవాటైపోతుంది." నాకు అలవాటు కాలేదు. పైగా సాయంత్రానికి పిక్క మీద ఎర్రటి మచ్చ మిగులుతుంటే ఇది కేవలం చిరాకు కాదని అనిపించింది. 60 డిగ్రీల లోహం ఐదారు సెకన్లు తగిలితే చాలు, చర్మం కాలుతుంది. 44 డిగ్రీలైనా గంటల తరబడి తగులుతూ ఉంటే కాలుతుంది.

ముందు బండికి ఏదైనా జబ్బుందేమో చూశాను. ఇంజన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ మట్టం చూస్తే గీతల మధ్యే ఉంది, కానీ మార్చి చాలా కాలమైంది. పాతది తీయించి కొత్తది పోయించాను, గాలి బుడగలు మిగలకుండా చూడమని పక్కనే నిలబడి చెప్పాను. (వేడి మీద రేడియేటర్ మూత తిప్పకూడదు. లోపల ఒత్తిడి ఉంటుంది, మరుగుతున్న నీళ్లు ముఖాన పడతాయి.) అసలు మురికంతా రేడియేటర్ రెక్కల్లో ఉంది: పురుగులు, ఎండిన బురద. మెత్తటి బ్రష్‌తో, సన్నటి నీటి ధారతో వెనకవైపు నుంచి ముందుకు కడిగాను. ప్రెషర్ వాషర్ పెడితే ఆ రెక్కలు వంగిపోతాయి. అప్పటికే వంగినవాటిని పల్చటి ప్లాస్టిక్ ముక్కతో నిలబెట్టాను.

దాంతో ఇంజన్ వేడి చూపే మీటర్ కుదుటపడింది. బండి కదులుతుంటే 80, 90 డిగ్రీల మధ్య ఉంటోంది, సిగ్నల్ దగ్గర 100 దాటాక ఫ్యాన్ తిరిగి మళ్లీ దించుతోంది. ఇంజన్‌కి ఏ లోటూ లేదు. నా కాలు మాత్రం ఎప్పటిలాగే మండింది.

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. పెట్రోల్ మండితే వచ్చే శక్తిలో సుమారు నాలుగో వంతే చక్రానికి చేరుతుంది. మిగతా దానిలో ఎక్కువ భాగం సైలెన్సర్ గుండా, రేడియేటర్ గుండా వేడిగా బయటికి పోవాల్సిందే. కారులో ఆ వేడికీ మనిషికీ మధ్య ఇనుప గోడ ఉంటుంది, బండి మీద మన మోకాళ్లే ఆ గోడ. రేడియేటర్ తన పని బాగా చేసేకొద్దీ ఆ వేడి నా తొడల వైపే వస్తుంది. కాబట్టి ఇంజన్‌ని చల్లబరచడం ఒక పని, వేడి నా మీదికి రాకుండా దారి మళ్లించడం మరో పని. నాకు మిగిలింది రెండోది.

దారి మళ్లించాలంటే ముందు అది ఏ దారిన వస్తోందో తెలియాలి. ఈ పని మీద నేను పెట్టినంత సమయం ఇంకే దాని మీదా పెట్టలేదు. బండిని ఆరుబయట స్టాండు వేసి, యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఇంజన్‌ని ఐడ్లింగ్‌లో ఉంచాను. మూసిన షెడ్డులో ఇలా చేస్తే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. మోకాలు, తొడ, పిక్క ఉండే చోట్ల ఫ్రేముకూ ప్యానెళ్లకూ పల్చటి టిష్యూ కాగితం చీలికలు టేపుతో అంటించాను. ఫ్యాన్ తిరగగానే ట్యాంకుకీ ఫ్రేముకీ మధ్య సందు దగ్గరి చీలికలు రెపరెపలాడాయి. తొడల మీదికి వస్తున్నది రేడియేటర్ వేడిగాలి అన్నమాట. పిక్క దగ్గరి చీలిక కదల్లేదు, కానీ చెయ్యి పెడితే సెగ. అక్కడ గాలితో పని లేదు, సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ డబ్బా నుంచి నేరుగా వచ్చే వేడి అది. ఆ పని జరగాలంటే డబ్బా లోపల వందల డిగ్రీల వేడి ఉండాలి, దాన్ని చల్లార్చి లాభం లేదు. సీటు ముందు భాగానిది మూడో కథ: ట్యాంకు కింద వేడిగాలి చేరి ఎటూ పోలేక నిలిచిపోతోంది.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కూడా వాడాను. మెరిసే లోహం మీద అది అసలు కంటే చాలా తక్కువ చూపిస్తుంది. అందుకే ఫ్రేము మీద నల్ల టేపు ముక్క అంటించి దాని మీద గురిపెట్టాను. సైలెన్సర్ గొట్టం మీద ఆ అంకెను నమ్మొద్దు.

పిక్క సంగతి తేలిగ్గా తేలింది. కన్వర్టర్ డబ్బాకి బయటివైపు క్లాంపులతో ఒక రేకు కవచం బిగించాను, రెండింటి మధ్య వేలు దూరేంత ఖాళీ ఉంచి. ఆ ఖాళీయే ముఖ్యం. రేకు డబ్బాకి ఆనుకుంటే అదే ఇంకో వేడి రేకు అవుతుంది. హీట్ రాప్ (వేడిని ఆపే గుడ్డ పట్టీ) గొట్టం చుట్టూ చుట్టమని ఒక మిత్రుడు పట్టుబట్టాడు. నేను ఒప్పుకోలేదు. వానలో అది నీళ్లు పీల్చుకుని గొట్టానికి తుప్పు పట్టిస్తుంది, కన్వర్టర్ మీద చుడితే లోపలి వేడి ఇంకా పెరుగుతుంది. చూడ్డానికి మాత్రం బాగుంటుంది, కాదనను.

తొడల దగ్గర ఎక్కువ తిప్పలు పడ్డాను. సందుని ఫోముతో మూసేస్తే పోలా అని ఎవరికైనా తోస్తుంది. మూస్తే వేడి లోపలే చిక్కుకుని వైర్లనీ బ్యాటరీనీ ఉడికిస్తుంది. గాలికి ఒక దారి మూస్తే ఇంకో దారి తెరవాలి. అందుకని సందుకి పైభాగంలో మాత్రం చిన్న రబ్బరు పట్టీ పెట్టాను, వేడిగాలి కిందికి దిగి మోకాలికి బయటగా పోయేలా రేడియేటర్ పక్కన వంచిన ప్లాస్టిక్ పలక ఒకటి అమర్చాను. మళ్లీ కాగితం చీలికలు అంటించి చూసుకుంటూ ఆ పలకను ఎన్నోసార్లు వంచాల్సి వచ్చింది. ట్యాంకు అడుగున, సైడ్ ప్యానెళ్ల లోపల అల్యూమినియం పూత ఉన్న ఫైబర్‌గ్లాస్ షీటు అంటించాను, మెరిసే ముఖం ఇంజన్ వైపు ఉండేలా.

ఫ్యాన్ ముందే తిరిగేలా విడిగా స్విచ్చి పెట్టించుకుందామా అనుకుని మానేశాను. ఐడ్లింగ్‌లో ఛార్జింగ్ అంతంతమాత్రమే, పైగా నా కాళ్ల మీదికి వేడిగాలి ఇంకాస్త ముందు నుంచే మొదలవుతుంది. ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి గాలిలో పెట్రోల్ పాలు పెంచే (మిక్స్చర్ రిచ్ చేసే) రీమ్యాప్ జోలికీ పోలేదు, పొగ నిబంధనలతో గొడవ.

బట్టల విషయానికొస్తే, పల్చటి సింథటిక్ ప్యాంటు అన్నిటికంటే చెడ్డది. వేడి రేకు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. మందపాటి నూలు గుడ్డ, చీలమండ దాటిన బూట్లు వేసుకున్నాక తేడా వెంటనే తెలిసింది. ఎండ బాగా ముదిరి గాలి 35 డిగ్రీలు దాటితే తగిలే గాలి ఒంటిని చల్లబరచదు, వేడెక్కిస్తుంది. అలాంటప్పుడు లోపలి బనీను తడిపి వేసుకుని, జాకెట్ గాలి ద్వారాలు కొద్దిగానే తెరుస్తాను. చెమటా తడీ ఆరే కొద్దీ ఒళ్లు చల్లబడుతుంది.

నడిపే తీరులో మార్చుకున్నది కొంచెమే. పెద్ద సిగ్నల్ అయితే ఇంజన్ ఆపేస్తాను. సగం క్లచ్ మీద పాకించడం తగ్గించి, ముందు కాస్త ఖాళీ వదిలి ఒకేసారి కదులుతాను. బస్సు వెనక సరిగ్గా నిలబడను, మన వేడి చాలదన్నట్టు దానిది కూడా మనకెందుకు?

ఇప్పుడు పిక్క మీద మచ్చ పడటం లేదు. తొడల మంట సగానికి పైగా తగ్గింది. సీటు మాత్రం మిట్టమధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఇంకా వేడెక్కుతుంది, దానికి నా దగ్గర మందు లేదు. చైన్‌కి లూబ్ వేసినప్పుడల్లా ట్యాంకు కింద షీటు అంచులు కూడా చూస్తాను. జిగురు వదిలిన షీటు జారి ఫ్యాన్‌లోనో సైలెన్సర్ గొట్టం మీదో పడితే మళ్లీ మొదటికొస్తుంది.