రేగడిలో దిగబడే థార్‌కు వించ్ కొన్న సంగతి

మా పొలాలు జమ్మలమడుగు పక్కన. అంతా నల్లరేగడి. ఎండాకాలంలో పాదం దూరేంత నెర్రెలిస్తుంది, అక్టోబరులో శనగ విత్తే వేళకు ఒక మంచి వాన పడిందంటే అదే నేల అడుగు తియ్యనివ్వదు. నాకున్నది పాత థార్ జీపు. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కదా అంటారు గానీ, తడిసిన రేగడిలో దానివల్ల నాలుగు చక్రాలూ సమానంగా దిగబడతాయి, అంతే.

వించ్ అంటే బండి ముందు బిగించే యంత్రం, మోటారుతో తాడును డ్రమ్ముకు చుట్టుకుంటూ బండిని బయటికి లాగుతుంది. అది కొంటానంటే మా చిన్నాయన అడిగిన మొదటి మాట, "ఊర్లో ఇన్ని ట్రాక్టర్లుండగా ఆ డబ్బు యాడ పోస్తావు అబ్బీ?" న్యాయమైన ప్రశ్నే. కానీ బండి దిగబడేది విత్తనం పడే రోజుల్లోనే, ఆ రోజుల్లో ఏ ట్రాక్టరూ ఖాళీగా ఉండదు. దొరికినా గొలుసు కట్టి ఒక్క గుంజు గుంజుతారు. ఆ గుంజుకు బండి బయటికి రావచ్చు, ముందున్న కొక్కెమూ ఊడి రావచ్చు. వించ్ అలా కాదు. బరువు మీద ఉన్నప్పుడు నిమిషానికి రెండు మూడు మీటర్లు లాగితే ఎక్కువ. ఆ నిదానం కోసమే నేను దానికి డబ్బు పెట్టాను.

వించ్ ఎంత బలంగా లాగుతుందో పౌండ్లలో చెప్పి అమ్ముతారు. 8,000, 9,500, 12,000 అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది. అందరూ చెప్పే సూత్రం, సామానుతో సహా బండి బరువుకు ఒకటిన్నర రెట్లు. మనుషులు, డీజిలు, సామాను కలిపి నా థార్ 2,200 కిలోలు వేసుకున్నా. ఒకటిన్నర రెట్లంటే 3,300 కిలోలు, అంటే 7,300 పౌండ్ల దరిదాపు. ఆ లెక్కన 8,000 చాలు. కానీ ఆ సూత్రంలో బురద ఎంత లోతన్నది లేదు. సైన్యంవాళ్ల లెక్క నాకు ఇంకా నచ్చింది. చక్రాల మేర బురదలో ఉంటే బండి బరువంత లాగుడు కావాలి, మడ్‌గార్డుల దాకా మునిగితే దానికి రెట్టింపు. రెట్టింపంటే నాకు 4,400 కిలోలు. 9,500 పౌండ్లంటే 4,300 కిలోలు. అక్కడ ఆగాను. 12,000 వద్దనుకోవడానికి కారణం దాని సొంత బరువు. ముందు ఇరుసు మీద అదనంగా పడే ప్రతి కిలో బండిని ముక్కు ముందుగా దింపుతుంది. ఇంకా బలం కావాలంటే పుల్లీ ఉంది. తాడును పుల్లీ గుండా తిప్పి మళ్లీ బండికే తగిలిస్తే లాగే బలం దాదాపు రెట్టింపవుతుంది, వేగం సగమవుతుంది.

అమ్మేవాళ్లు చెప్పని సంగతి ఇంకొకటుంది. ఆ 9,500 అన్నది డ్రమ్ము మీద తాడు ఒక్క పొరే మిగిలినప్పటి మాట. పైన పొరలు పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది, నాలుగో పొరకు మూడింట రెండొంతులే ఉంటుంది. చెట్టు దగ్గరగా ఉంది కదా అని కొంచెం తాడే వదిలి లాగితే వించ్ తన బలహీనమైన పొర మీద పనిచేస్తున్నట్టు.

మోటారు గురించి ఎక్కువ ఆలోచించలేదు. పర్మనెంట్ మాగ్నెట్ మోటారు కరెంటు తక్కువ తాగుతుంది గానీ ఎక్కువసేపు లాగితే తొందరగా వేడెక్కుతుంది. సిరీస్ వౌండ్ అయితే బరువు పనికి నిలబడుతుంది. రెండోదే తీసుకున్నా. నీళ్లు చొరకుండా ఐపీ67 రేటింగ్ ఉండాలని మాత్రం పట్టుబట్టాను.

చాలాసేపు తర్జనభర్జన పడింది తాడు దగ్గర. ఇనుప తాడు చవక, ఎండకు ఏమీ కాదు, రాళ్ల మీద ఒరుసుకున్నా ఓర్చుకుంటుంది. సింథటిక్ తాడు తేలిక, చేతులు కోయదు, కానీ ఎండకు పాడవుతుంది, ఇసుక రేణువులు లోపలికి చొరబడి పోగుల్ని కోస్తాయి. మా ఎండలు చూస్తే ఇనుమే తీసుకోవాలి. నేను సింథటిక్ తీసుకున్నా, కారణం మా ఊరి జనం. ఇక్కడ బండి దిగబడితే పది నిమిషాల్లో పిల్లలతో సహా జనం చుట్టూ చేరతారు. దూరం జరగమని ఎన్నిసార్లు అరిచినా తాడు పక్కనే నిలబడి సలహాలిస్తారు. బిగిసిన ఇనుప తాడు తెగితే మనిషిని నిలువునా చీల్చగలదు. సింథటిక్ తెగినా బరువు లేదు కాబట్టి ఆ ప్రమాదం చాలా తక్కువ. అయినా తాడు మీద తడిపిన గోనెసంచి వేసే లాగుతాను. సింథటిక్‌కు తాడు బయటికొచ్చే చోట రోలర్లు కాకుండా నున్నటి అల్యూమినియం గైడు పెట్టాలి. ఇనుప తాడు వాడి గాట్లు పడ్డ రోలర్ల మీద దీన్ని నడిపితే కొద్దికాలంలోనే పోగులు లేస్తాయి.

బిగించే విషయానికొస్తే, మొదట చూపించినవన్నీ బయటికి పొడుచుకొచ్చే పెద్ద ఇనుప బంపర్లు. ఇలాంటి బుల్ బార్లు, క్రాష్ గార్డులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని 2017 డిసెంబరులోనే కేంద్ర రోడ్డు రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. కొత్త బండ్లవాళ్లకైతే వీటివల్ల ఎయిర్‌బ్యాగులు సరిగా పనిచేయకపోవచ్చన్న సంగతి కూడా ఉంది. అందుకే బంపర్ వెనకాల, ఛాసిస్‌కే బోల్టులతో బిగిసే ప్లేటు చేయించుకున్నా. ప్రొద్దుటూరులో ఫ్యాబ్రికేషన్ చేసే అన్న వెల్డింగ్ చాలన్నాడు. లాగేటప్పుడు పడే బరువంతా ఆ ప్లేటు మీదే అని చెప్పి, గట్టివైన 8.8 గ్రేడు బోల్టులు నేనే తెచ్చిచ్చాను.

వైరింగ్ దగ్గర జాగ్రత్త పడాలి, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఈ సైజు వించ్ పూర్తి బరువు మీద 350 నుంచి 450 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ అంత ఇవ్వలేదు, మిగతాదంతా బ్యాటరీలోంచి రావాల్సిందే. అందుకే ఇంజన్ ఆన్‌లో ఉంచి, ఒక నిమిషం లాగి, మోటారు చల్లబడేదాకా ఆగి, మళ్లీ లాగుతాను. ఒక దుకాణంలో రాగి కేబుల్ అని ఇచ్చినదాన్ని ఎలక్ట్రీషియన్ బ్లేడుతో గీకి చూస్తే లోపల అల్యూమినియం, పైన రాగి పూత. దాన్ని వెనక్కిచ్చి, 50 చదరపు మిల్లీమీటర్ల రాగి వెల్డింగ్ కేబుల్ కొన్నాం. బ్యాటరీ దగ్గరే ఒక కటాఫ్ స్విచ్ పెట్టించా. వించ్ వాడనప్పుడు అది ఆఫ్.

కొత్త తాడును అలాగే వదిలేయకూడదు. చివర్లో డ్రమ్ము మీద పది చుట్లు మిగిలేదాకా విప్పి, కొంచెం ఏటవాలుగా ఉన్న రోడ్డు మీద బండిని న్యూట్రల్‌లో పెట్టి, దాని బరువు మీదే తాడు చుట్టించాను. వదులుగా చుట్టిన తాడు, లాగేటప్పుడు పై పొర కింది పొరల్లోకి దిగి ఇరుక్కుంటుంది.

ఇక అసలు ఇబ్బంది. వించ్ వీడియోల్లో బండికి ఎదురుగా ఎప్పుడూ ఒక మహావృక్షం ఉంటుంది. మా శనగ చేలల్లో కనుచూపు మేర చెట్టే ఉండదు. మొన్నటి వానల్లో ఇరుసుదాకా దిగినప్పుడు ఎదురుగా కనిపించింది కరెంటు స్తంభం ఒక్కటే. "దానికి కట్టు" అన్నారు ఇద్దరు ముగ్గురు. కరెంటు స్తంభానికి మాత్రం ఎవరూ కట్టొద్దు, అది వంగితే తీగలు మీదికొస్తాయి. గట్టు మీద ఒక నల్లతుమ్మ ఉంది, కానీ వించ్ తాడు 28 మీటర్లే, అందలేదు. విడిగా కొని పెట్టుకున్న ఎక్స్‌టెన్షన్ తాడు ఆ రోజు పనికొచ్చింది. చెట్టుకు నేరుగా తాడు చుడితే బెరడు ఊడుతుంది కాబట్టి వెడల్పాటి బెల్టు మొదట్లో, నేలకు దగ్గరగా వేశాను. ముందు చక్రాల ఎదుట బురద పారతో తీసేసరికే చెమటలు పట్టాయి గానీ, దానివల్ల లాగుడు సగం తేలికైంది. చిన్నాయన స్టీరింగ్ పట్టుకున్నాడు, నేను వైరున్న రిమోట్‌తో దూరంగా నిలబడ్డా. వైర్‌లెస్ రిమోట్ కూడా ఇచ్చారు గానీ దాన్ని నేను నమ్మను.

ఆ తుమ్మ కూడా లేకపోతే స్టెప్నీని గోతిలో పాతి దానికి కట్టొచ్చు. తడి రేగడిలో ఆ గొయ్యి తవ్వాలంటే ఇద్దరు మనుషులైనా కావాలి.

వించ్‌కు పెట్టినదానిలో సగం దాకా బెల్టు, పుల్లీ, తాడునూ బెల్టునూ కలిపే ఇనుప షాకిళ్లు, ఎక్స్‌టెన్షన్ తాడు, కేబుళ్లు, ప్లేటుకే అయింది. కొనేవాళ్లు ఈ ఖర్చును ముందే కలుపుకోండి. బడ్జెట్ తక్కువైతే వించ్ బ్రాండులో ఒక మెట్టు దిగండి, ఇవి మాత్రం తగ్గించొద్దు. వానలు అయ్యాక తాడు మొత్తం విప్పి మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెడతాను, మిగతా రోజుల్లో డ్రమ్ము మీద గుడ్డ కవరు ఉంటుంది. వాడినా వాడకపోయినా నెలకోసారి కాసేపు తిప్పుతాను, లేకపోతే లోపల కాంటాక్టులు తుప్పు పడతాయి.