లూకా 3:14 పోలీసు ఉద్యోగం చేసే విశ్వాసుల కోసం

మా సంఘంలో పోలీసు డిపార్ట్‌మెంట్‌లో పనిచేసే అన్నయ్యలు, అక్కలు కొంతమంది ఉన్నారు. కూడికల్లో వాళ్ళ ప్రేయర్ రిక్వెస్టులు వింటుంటాను, ట్రాన్స్‌ఫర్ కోసం, ప్రమోషన్ కోసం, బందోబస్తుకి వెళ్ళినప్పుడు కాపుదల కోసం. పండగ లేదు ఆదివారం లేదు అన్నట్టు డ్యూటీ చేసేవాళ్ళకి ఆ ప్రార్థనలు కావాల్సిందే, కాదనను. కానీ లాకప్‌లో కూర్చోబెట్టిన మనిషి కోసం, స్టేషన్ మెట్ల దగ్గర ఏడుస్తూ నిలబడ్డ వాళ్ళమ్మ కోసం ప్రార్థన చెయ్యండి అని అడగ్గా నేను వినలేదు, అది మనసులో ముల్లులా ఉంది.

బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి సైనికులు వచ్చి మేమేం చెయ్యాలి అని అడుగుతారు కదా, ఆయన ఉద్యోగం మానెయ్యండి అనలేదు, ఎక్కువ ప్రార్థన చెయ్యండి అని కూడా అనలేదు. ఎవరినీ బాధపెట్టొద్దు, ఎవరి మీదా అపనింద వెయ్యొద్దు, మీ జీతాలతో తృప్తిగా ఉండండి అన్నాడు. ఈ మూడూ ఇప్పటి స్టేషన్ భాషలో చెప్పుకుంటే కొట్టొద్దు, దొంగ కేసు పెట్టొద్దు, మామూళ్ళు తీసుకోవద్దు, అంతే. మామూలు జనం స్టేషన్ గడప తొక్కాలంటే భయపడేది సరిగ్గా ఈ మూడింటికే.

నాకు ఇంకా ఇష్టమైన మనిషి ఫిలిప్పీ చెరసాల నాయకుడు (అపొస్తలుల కార్యములు 16). పౌలునీ సీలనీ బెత్తాలతో కొట్టించింది న్యాయాధిపతులు, ఇతను వాళ్ళని లోపలి గదిలోకి తోసి కాళ్ళకి బొండ (కదలకుండా పట్టి ఉంచే కొయ్య) వేసి బిగించాడు, పైవాళ్ళు జాగ్రత్తగా చూసుకోమన్నారు, చేశాడు. అదే రాత్రి విశ్వాసంలోకి వచ్చాడు, వచ్చి బాప్తిస్మం తీసుకోకముందే వాళ్ళ గాయాలు కడిగాడు. కొట్టింది నేను కాదు కదా, నాకెందుకు అనుకోలేదు. తన కస్టడీలో ఉన్న మనిషి ఒంటి మీద దెబ్బ ఉంటే అది తన బాధ్యతే అనుకున్నాడు, నా మటుకు నాకు యూనిఫాంలో ఉన్న విశ్వాసికి ఇంతకంటే మంచి మాదిరి లేదు.

కొంతమంది రోమా 13 చూపిస్తారు, అధికారి దేవుని పరిచారకుడు, ఊరికే ఖడ్గం ధరించడు అని. నిజమే, కానీ ఆ మాట పట్టుకుని నాలుగు తగిలిస్తేనే నిజం కక్కుతాడు అనుకోవడం చాలా ప్రమాదం, శిక్ష వేసేది కోర్టు, ఎస్సై గారు కాదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి, లాకప్‌లో ఉన్నవాడికి సువార్త చెప్పడం నాకు సరైనది అనిపించదు, తాళాలు మీ చేతిలో ఉన్నప్పుడు వాడు వద్దు అని ఎలా అనగలడు? వాడికి మంచినీళ్ళు ఇవ్వండి, ఇంటికి ఫోన్ చేయించండి.

పౌలు కూడా మర్నాడు గప్‌చుప్‌గా వెళ్ళిపొమ్మంటే వెళ్ళలేదు, విచారణ లేకుండా రోమా పౌరులమైన మమ్మల్ని అందరి ముందు కొట్టించారు, వాళ్ళే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్ళాలి అన్నాడు. అందుకే దెబ్బలు తిన్నవాళ్ళకి మనం "క్షమించి వదిలెయ్యి బ్రదర్" అని తొందరపడి చెప్పకూడదు. 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలని మన రాజ్యాంగం 22వ ఆర్టికల్‌లో ఉంది, అరెస్ట్ మెమో రాయాలి, ఇంట్లోవాళ్ళకి చెప్పాలి, కస్టడీలో ఉంటే 48 గంటలకోసారి డాక్టర్ చూడాలి అని డీకే బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవి అడగడం అవిశ్వాసమేం కాదు, పౌలు అడిగాడు.

2020 జూన్‌లో తమిళనాడు సాత్తాన్‌కుళంలో జయరాజ్, ఆయన కొడుకు బెనిక్స్‌ని లాక్‌డౌన్ టైమ్ దాటి షాపు తెరిచారని తీసుకెళ్ళారు, పోలీసుల దెబ్బలకి తండ్రీకొడుకులిద్దరూ కొద్ది రోజుల్లోనే చనిపోయారు. క్రైస్తవ కుటుంబం అని మనలో చాలామంది ఎక్కువ బాధపడ్డాం, వేరే మతం వాళ్ళైనా అంతే బాధపడాలి, దెబ్బలు తిని పడున్న పరాయివాణ్ణి ఆదుకున్న మంచి సమరయుడి కథ చెప్పుకునేవాళ్ళం మనం. అదే స్టేషన్‌లో పనిచేసిన హెడ్ కానిస్టేబుల్ రేవతి గారు రాత్రంతా కొట్టారని మేజిస్ట్రేట్‌కి చెప్పారు, సొంత స్టేషన్ వాళ్ళకి వ్యతిరేకంగా. అబద్ధసాక్ష్యం పలకకూడదు అనే ఆజ్ఞ మనకి చిన్నప్పట్నుంచీ కంఠతా వచ్చు, తోటి ఉద్యోగి తప్పు చేసినప్పుడు నోరు మూసుకోవడం కూడా దాని కిందికే వస్తుందని మా సంఘంలోని అన్నయ్యలకి, అక్కలకి నేను చెప్పాలనుకుంటున్నా.