మా పాప నా గడ్డం పట్టుకుంది

మొన్న సాయంత్రం కుక్కర్‌లో పప్పు పెట్టి ఫోన్ చూసుకుంటున్నా. మా నాలుగేళ్లది వచ్చి రెండుసార్లు "అమ్మా" అంది, "ఊఁ" అన్నాను గానీ తలెత్తలేదు. మూడోసారి చాక్‌పీస్ పొడి చేతులతోనే నా గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పేసుకుంది.

అమెరికాలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే సైకాలజిస్టు 1970ల్లో ఒక ప్రయోగం చేశారు. తల్లి పసిబిడ్డతో కాసేపు ఆడి, తర్వాత మొహంలో ఏ భావమూ లేకుండా అలా చూస్తూ కూర్చోవాలి, అంతే. బిడ్డ ముందు నవ్వుతుంది, చేతులు చాపుతుంది, ఎంతకీ అమ్మలో చలనం లేకపోయేసరికి మొహం పక్కకి తిప్పేసుకుంటుంది, ఏడుపు లంకించుకుంటుంది. ఆ వీడియో చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

కానీ ఆయనే ఇంకో మాటా చెబుతారు. మామూలు తల్లీబిడ్డల మధ్య కూడా చాలాసేపు తాళం తప్పుతూనే ఉంటుందట, తప్పాక మళ్లీ కలుపుకోవడమే ముఖ్యమట, అందులోనే పిల్లలకి ఓర్పూ నమ్మకమూ వస్తాయట. హమ్మయ్య, కాస్త టెన్షన్ తగ్గింది. (నాన్నల ఫోన్ల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు!)

ఫోన్ బోర్లా పెట్టి "చెప్పు బంగారం" అన్నా. చెప్పాల్సింది మర్చిపోయిందట. ఒళ్లో ఎక్కి కూర్చుంది, కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో ఇద్దరం లెక్కపెట్టలేదు.