బందరులో బేగంగారి ఆచూకీ

కోఠీలో రెసిడెన్సీ వెనకాల ఉన్న ఆ బొమ్మరిల్లు చూడకపోతే ఈ కార్తీకంలో నేను బందరు బస్సెక్కేదాన్నే కాదు. పెద్దమ్మ ఎన్నిసార్లు పిలిచినా సెలవు లేదనే చెబుతూ వచ్చాను.

కోఠీ ఉమెన్స్ కాలేజీ తెలియనివాళ్ళు హైదరాబాద్‌లో ఉండరు. ఆ కాలేజీ నడిచిన భవనమే పాత బ్రిటిష్ రెసిడెన్సీ. మా ఆడపడుచు అక్కడే డిగ్రీ చదివింది. పై గదుల్లో గబ్బిలాలు, పెచ్చులూడే కప్పు, పొద్దు వాలితే అటువైపు ఒంటరిగా వెళ్ళాలంటే అందరికీ భయమేనని చెప్పేది. మరమ్మతులు చేసి 2023లో మళ్ళీ తెరిచారు. ముందువైపు మెట్లు, అటూ ఇటూ సింహాలు, ఆరు పెద్ద స్తంభాలు. వచ్చినవాళ్ళంతా అక్కడే ఫోటోలు దిగుతున్నారు. నన్ను ఆపేసింది మాత్రం వెనక తోటలోని చిన్న కట్టడం. అదే భవనం, అవే స్తంభాలు, అంతా బొమ్మంత. 1798 నుంచి 1805 దాకా ఇక్కడ రెసిడెంటుగా, అంటే నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీవాళ్ళ ప్రతినిధిగా, ఉన్న జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ తన భార్య ఖైరున్నీసా కోసం చేయించాడని చెబుతారు. ఆవిడ ఘోషాలో ఉండేది. జనానా దాటి ముందుకొచ్చి, మొగుడు కట్టించిన ఇల్లు ఎలా ఉందో చూసే వీలు లేదు. అందుకని ఇంటి బొమ్మనే ఆవిడ ముంగిట్లో పెట్టించాడు.

మోకాళ్ళ మీద కూర్చుని ఆ బొమ్మ గుమ్మం ఎత్తుకి తల వంచి చూశాను. అలా చూస్తే అసలు భవనం కనబడదు, కోఠీ బస్సుల హారన్లు కూడా దూరమైపోతాయి. ఆవిడా ఇలాగే కూర్చుని, ఇదే ఎత్తు నుంచి చూసి ఉంటుంది. రెండు వందల ఏళ్ళు మూరెడు దూరంలోకి వచ్చేసినట్టు ఒళ్ళు జలదరించింది. ఆవిడ ఉన్న రంగమహల్ ఇప్పుడు లేదు, తర్వాత వచ్చిన దొరలు పడగొట్టించారు. బొమ్మ మిగిలింది.

ఇంటికొచ్చి ఆవిడ గురించి దొరికిందల్లా చదువుతూ కూర్చున్నాను. దొరని చూసేనాటికి ఆవిడది పద్నాలుగేళ్ళ వయసు. ఆ వయసు చదివినప్పుడు మనసు చివుక్కుమంది, ప్రేమకథ అని మురిసిపోతూ ఆ మాట దాటేయలేను. అతను మతం మార్చుకుని నిఖా చేసుకున్నాడు. ఇద్దరు పిల్లలు. 1805లో నాలుగేళ్ళ కొడుకుని, మూడేళ్ళ కూతుర్ని మద్రాసు నుంచి ఓడలో ఇంగ్లండుకి పంపేశారు. ఆ అక్టోబరు 15నే కర్క్‌పాట్రిక్ కలకత్తాలో పోయాడు. మరుసటేడు ఆవిడ తల్లితో కలిసి కలకత్తా దాకా వెళ్ళింది, సమాధి చూడటానికి. తిరిగి వస్తుంటే, వరసకి బంధువే అయిన దివాన్ మీర్ ఆలం హైదరాబాద్‌లో అడుగు పెట్టనివ్వలేదు. దాంతో ఆవిడ మసులీపట్నంలో ఆగిపోవలసి వచ్చింది.

మసులీపట్నం అంటే మా బందరే కదా! పదో తరగతి దాకా నేను పెరిగిన ఊరు. ఒక్క టీచరు, ఒక్క పెద్దమనిషి ఈ మాట నాకు చెప్పలేదు. ఆ రాత్రే టికెట్ బుక్ చేశాను.

విజయవాడ దాకా ప్రైవేటు ఏసీ బస్సు. శుక్రవారం రాత్రి కాబట్టి మామూలు రేటుకి దాదాపు రెట్టింపు. సూర్యాపేట దాటకముందే ఏసీ ఆగిపోయింది, కిటికీలు తెరుచుకోవు. డ్రైవర్‌ని అడిగితే ఆఫీసుకి ఫోన్ చేయమంటాడు, ఆఫీసు ఫోనెత్తదు. రెట్టింపు డబ్బు కట్టి చెమటలో నాని తెల్లారేసరికి బెజవాడలో దిగాను.

బెజవాడ నుంచి ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్. ఇప్పుడు ఆంధ్రాలో ఆడవాళ్ళకి ఫ్రీ అని ధీమాగా ఆధార్ కార్డు తీశాను. కండక్టర్ తిప్పి చూసి, "హైదరాబాద్ అడ్రస్ ఉంది మేడమ్, టికెట్ తీసుకోవాలి" అన్నాడు. అతని తప్పేం లేదు, రూల్ అదే. అయినా పుట్టింటికి వెళ్తూ పరాయిదానిలా టికెట్ కొనుక్కోవడం గుచ్చుకుంది. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు. వరి కోతకొచ్చి దారి పొడుగునా పచ్చగా, పసుపుగా ఉంది. ఆ కార్డు చేతిలో పట్టుకునే కూర్చున్నాను. బేగం వచ్చిన దారి ఇది కాదు, కానీ ఆవిడకీ సొంత ఊరు హైదరాబాదే. బందరులో ఎన్నాళ్ళుంటే ఏం, ఆవిడ చూపంతా అటే ఉండి ఉంటుంది.

మొదటి రోజు చుట్టాల ఇళ్ళలోనే గడిచిపోయింది. రెండో రోజు పొద్దున్నే పెద్దమ్మని అడిగాను, "చిన్నప్పుడు అద్దాలపెట్టె దొరసాని కథ చెప్పేదానివి కదా, మళ్ళీ చెప్పు" అని.

బందరులో పెరిగిన పిల్లలందరికీ ఆ కథ తెలుసు. అరబెల్లా రాబిన్‌సన్ అనే దొరసాని 1809లో పోయింది. ఆమెని మనువాడాలనుకున్న జాన్ పేటర్ అనే సైన్యాధికారి, ఆమె మతశాఖ వేరని పాతిపెట్టడానికి చోటివ్వకపోతే, తానే స్థలం కొని ఆమె కోసం గుడి కట్టించాడు. అదే ఇప్పటి సెయింట్ మేరీ చర్చి. ఇక కథలో భాగం ఏమిటంటే, శవం చెడకుండా మందులు పూయించి అద్దాలపెట్టెలో పెట్టించాడని, ఒక రాయి మీద కాలు వేస్తే మర తిరిగి దొరసాని పైకి లేచేదని, అతను వచ్చి చూసుకుని వెళ్ళేవాడని. పెద్దమ్మ ఆ రాయి దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించేది. గచ్చు మీద నల్లరాయి పలక కనబడితే చాలు, నేను పక్కనుంచి నడిచేదాన్ని. నలభై దాటాక కూడా ఆ అలవాటు పోలేదు.

చర్చి దగ్గరికి ఆటోకి నూట యాభై అడిగాడు, బందరు ఎంత ఊరని! షేర్ ఆటోలో కోనేరు సెంటర్ దాకా వెళ్ళి మిగతాది నడిచాను. ఆవరణలో ఒక పెద్దాయన వేపాకులు ఊడుస్తున్నాడు. నేను అడక్కముందే, "దొరసాని కోసం వచ్చారామ్మా?" అన్నాడు. ఆ కథే మళ్ళీ చెప్పాడు. ఆయన నోట మర కిర్రుమనే చప్పుడు కూడా చేరింది. ఎవరో చూసి మూర్ఛపోతే ఆపేయించారట. వింటూంటే గాలికి ఆకులు గలగలమన్నా గుండె ఝల్లుమంది. పట్టపగలు పదకొండు గంటలకి, సెల్‌ఫోన్ చేతిలో ఉండగా, ఏడేళ్ళ పిల్లనైపోయాను.

అప్పుడు అడిగాను. "తాతా, ఇదే కాలంలో హైదరాబాద్ నుంచి ఒక బేగంగారు వచ్చి ఇక్కడ ఉండేదిట. ఎప్పుడైనా విన్నారా?"

చీపురు ఆపి ఆలోచించాడు. "బేగమా? నవాబుల తాలూకానా? లేదమ్మా, ఇక్కడ దొరసానే."

ఆ మాటే నన్ను రోజంతా వదల్లేదు. వలందపాలెంలో డచ్చివాళ్ళ సమాధుల దగ్గరికి వెళ్ళాను. పలకల మీద అక్షరాలు ఉబ్బెత్తుగా చెక్కి ఉన్నాయి, వేలితో తడిమితే ఇప్పటికీ తెలుస్తాయి. పేరు, తేదీ, వంశం గుర్తు, అన్నీ ఉన్నాయి. బట్టల వ్యాపారానికి వచ్చి ఇక్కడ పోయినవాళ్ళవి. ఊళ్ళో వలందపాలెం ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది, ఫ్రెంచివాళ్ళ పేరు మీద పరాసుపేట ఉంది. 1864 తుఫానులో ముప్ఫై వేలమంది పోయిన ఊరు ఇది, చాలా కొట్టుకుపోయాయని నాకూ తెలుసు. అయినా బందరుకోట వైపు వెళ్ళే రోడ్డు మీద నిలబడి చాలా కోపం వచ్చింది. చచ్చిపోయిన దొరసానిని అంతగా ప్రేమించిన మగవాడి కథ ప్రతి పిల్లకీ నేర్పారు. బతికుండి, ఈ వీధుల్లోనే ఏదో మేడలో, మద్రాసు నుంచి తపాలా వచ్చిందా అని ఎదురుచూసిన ఇరవై రెండేళ్ళ మనిషి ఒక్కరికీ గుర్తు లేదు. హెన్రీ రస్సెల్ అని, భర్త కింద పనిచేసినవాడు, ఆవిడకి దగ్గరై మాటలిచ్చాడు. ఆవిడ బందరులో ఉండగానే అతను మద్రాసులో మరొకామెను పెళ్ళి చేసుకున్నాడు.

మీర్ ఆలం పోయాక ఆవిడ హైదరాబాద్ చేరుకోగలిగింది. 1813 సెప్టెంబరులో, ఇరవై ఏడేళ్ళకి, అదే రెసిడెన్సీ తోటలో కన్నుమూసింది.

ఆ రాత్రి పెద్దమ్మ మంచం పక్కన చాప వేసుకుని ఇదంతా చెప్పాను. చిన్నప్పుడు ఆవిడ చెప్పేది, నేను వినేదాన్ని. ఈసారి నేను చెప్పాను. రస్సెల్ దగ్గరికొచ్చేసరికి "దొంగసచ్చినోడు" అంది. కాసేపాగి, "పిల్లలు మళ్ళీ కనబడ్డారా తల్లికి?" అని అడిగింది.

"లేదు పెద్దమ్మా. ఓడ ఎక్కించకముందు మద్రాసులో ఒక పటం వేయించారు. అన్నాచెల్లెళ్ళిద్దరూ హైదరాబాదీ బట్టల్లో మెట్ల మీద నిలబడి ఉంటారు. ఆ పటమే ఆవిడకి మిగిలింది."

"ఆ పటమేమైంది మరి?"

"ఏళ్ళ తర్వాత ఆ కూతురు ఇంగ్లండులో ఒకరింటికి వెళ్తే గోడకి కనబడిందట. తననీ అన్ననీ గుర్తుపట్టి ఏడ్చేసిందట."

"ఎవరింట్లో?"

"రస్సెల్ ఇంట్లో."

పెద్దమ్మ లేచి కూర్చుంది. చీకట్లో ఆవిడ గాజుల చప్పుడు తప్ప ఏం వినబడలేదు. "వాడింట్లోనా!" అంది చాలాసేపటికి. ఆ కూతురు తర్వాత హైదరాబాద్‌లో బతికే ఉన్న అమ్మమ్మకి ఉత్తరాలు రాసిందని చెప్పాను. అమ్మమ్మా మనవరాలూ మళ్ళీ కలవనే లేదు, ఉత్తరాలే.

పొద్దున్న బస్సుకి కిలో తొక్కుడు లడ్డు కట్టించింది. కొట్లో రేటు చూసి నేను వద్దన్నా వినలేదు. వేయించిన శనగపిండి కారప్పూసని దంచి, బెల్లం పాకంలో కలిపి మళ్ళీ దంచే లడ్డు అది. కాగితానికి నెయ్యి అంటుకుని బ్యాగంతా అదే వాసన. బస్టాండులో కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు కదులుతుంటే పెద్దమ్మ కిటికీ ఊచ పట్టుకుని రెండడుగులు పక్కనే నడిచింది.

"అమ్మాయ్, ఆ పిల్ల పేరేమన్నావ్?"

"సాహెబ్ బేగం. అక్కడికెళ్ళాక కిట్టీ అని పిలిచారు."

"సాహెబ్ బేగం" అని ఒకసారి అనుకుని, ఊచ వదిలింది.