అటక మీది వేడినీళ్ల లూప్: దూలం దగ్గర గాలి ఇంకా వదల్లేదు

ఈ రోజు తెల్లవారుజామున మళ్ళీ అదే కథ: గీజరుకీ ముందు బాత్రూంకీ మధ్య వేడినీళ్ళు పంపుతో తిప్పే మా పైపుల లూపు గాలి పట్టి ఆగిపోయింది. టైమర్ ఐదింటికి పంపు ఆన్ చేసింది, పంపు గుయ్‌మంటూనే ఉంది, గీజర్ నుంచి బయటికి వచ్చే పైపు 54 డిగ్రీలు చూపిస్తోంది, తిరిగొచ్చే పైపు మాత్రం 19 దగ్గరే కూర్చుంది. ఆదిలాబాద్ చలిలో నిచ్చెనెక్కి అటక మీద టార్చి పట్టుకుని కూర్చుంటే ఎంత చిరాకో, కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది.

మాది పాత పెంకుటిల్లు, వెనక స్లాబు వేసి కలిపిందే గీజరు గది. అక్కడి నుంచి ముందు బాత్రూంకి అటక మీదుగా 18 మీటర్లు ముప్పావంగుళం సీపీవీసీ (వేడినీళ్ళకి వాడే ప్లాస్టిక్ పైపు), తిరిగి రావడానికి అరంగుళం. ముప్పావు పైపు మీటరుకి పావు లీటరు పైనే పడుతుంది కాబట్టి, నాలుగున్నర లీటర్ల చన్నీళ్ళు వదిలితే గానీ వేడినీళ్ళు రావు. అది తప్పించడానికే ఈ లూపంతా. తిరిగేటప్పుడు బాగానే తిరుగుతుంది, కుళాయి తిప్పగానే వేడినీళ్ళు. క్లాంపులు వదులు చేశాక పైపు సాగేటప్పుడు వచ్చే టకటకలు కూడా పోయాయి.

చిక్కంతా దూలం దగ్గర. సప్లై పైపు దూలం కింద నుంచి పోయింది, రిటర్న్‌కి కింద చోటు లేక దూలం మీదుగా ఎక్కి దిగింది. మొత్తం లూపులో ఎత్తైన చోటు అదే. కిన్వట్ నుంచి వచ్చే మన ప్లంబరు చూసి, "గాలి పట్టిందన్నా, ఎయిర్ వెంట్ పెడితే ఖతం" అన్నాడు. గాలిని బయటికి వదిలే ఆ వాల్వు పెట్టాం. రెండు రోజులు హాయిగా ఉంది, తర్వాత ఇంకా ఎక్కువైంది. విచిత్రం ఏంటంటే పొద్దున మోటారు వేసి పైట్యాంకు నింపాక పంపు ఆన్ చేస్తే ఏ గోలా లేదు. తెల్లవారుజామునే మొండికేస్తుంది.

అందుకని వెంట్ విప్పేసి, దాని స్థానంలో మేస్త్రీలు వాడే లెవల్ పైపు బిగించి నిలువుగా వెదురు బొంగుకి కట్టాను. అందులో నీళ్ళు ఎంత ఎత్తు నిలబడితే అక్కడ అంత ప్రెషరన్నమాట. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు దూలం మీది పైపు కంటే నీళ్ళు 160 సెం.మీ. పైకి నిలబడ్డాయి (అంత ఎత్తు కావాలని ఒక పెంకు తీయాల్సి వచ్చింది). పంపు వేస్తే 95 సెం.మీ. దిగి 65 దగ్గర ఆగాయి. రాత్రి వాడకం అయ్యాక, తెల్లవారుజామున కొలిస్తే 80 మాత్రమే. పంపు వేశాను, మట్టం సర్రున దిగిపోయి గొట్టం ఖాళీ అయింది, ఆ వెంటనే బుడబుడమంటూ గాలి లోపలికి. అంటే మనం గాలి బయటికి పోవడానికి పెట్టిన వెంటే గాలి లోపలికి లాగుతోంది!

నా అంచనా ఇది: పంపు గీజరు పక్కన, రిటర్న్ చివర ఉంది. అక్కడి నుంచి లాగుతుంటే లూపులో రాపిడి వల్ల పోయే ప్రెషరంతా దూలం దగ్గరికి వచ్చేసరికే పోతోంది. మన పంపు గరిష్ఠ హెడ్డే (నీళ్ళని నెట్టగల ఎత్తు) 1.2 మీటర్లు, ట్యాంకు ఇచ్చేది తెల్లారేసరికి 0.8. పంపు పెట్టె మీది బొమ్మలూ విదేశీ వీడియోలూ అన్నీ మూడు బార్ ప్రెషరు (దాదాపు ముప్పై మీటర్ల నీళ్ళ ఎత్తు) ఉండే లైన్లకి గీసినవి. అక్కడ ఒక మీటరు పోతే ఎవరికీ పట్టదు. మన స్లాబు మీది ట్యాంకులకి ఆ ఒక్క మీటరే ఆస్తి.

వెంట్ తీసేసి ప్లగ్ బిగిస్తే చాలదా అంటే, అదీ చూశాను. కాగిన నీళ్ళలోంచి విడిపోయే గాలి మెల్లగా అక్కడే పోగవుతోంది, కొన్నాళ్ళకి మళ్ళీ ఆగిపోతోంది. దూలానికి చిల్లు పెట్టి పైపు కిందికి దింపుదామంటే నాన్నగారు ససేమిరా అన్నారు. తాతల నాటి టేకు, ఆయన్ని తప్పు పట్టను.

కాబట్టి పంపునే ముందు బాత్రూం వైపుకి, రిటర్న్ మొదలయ్యే చోటుకి మార్చాలి. అప్పుడు దూలం దగ్గర పంపు నెట్టే ప్రెషర్ కలుస్తుంది, లాగుడు వెడల్పైన ముప్పావు పైపు మీదే కాబట్టి ప్రెషర్ పెద్దగా పోదు. పాత గీజరు పాయింటు ఆ గోడకే ఉంది, వైరింగ్ తిప్పలు లేవు. నాన్ రిటర్న్ వాల్వ్ (నీళ్ళు వెనక్కి పోనివ్వనిది) మాత్రం ఇక్కడే గీజరు దగ్గర ఉంచేస్తా.

సామాను సంగతి: పైపు ఆశీర్వాద్ అయినా ఆస్ట్రల్ అయినా నాకు తేడా కనబడలేదు, సాల్వెంట్ మాత్రం పైపు కంపెనీదే కొనండి. ఇన్సులేషన్‌కి తెల్ల ఫోమ్ దండగ, 13 మి.మీ. నల్ల నైట్రైల్ రబ్బరు తొడుగు నాగపూర్ నుంచి తెప్పించాను. నా లెక్కలో ముప్పావు పైపు నుంచి మీటరుకి 24 వాట్ల వేడి పోయేది 9కి దిగింది. అయినా రోజంతా తిప్పితే ఏడు యూనిట్లు గాలికే, అందుకే టైమర్. అటకలో ఎలుకలు నైట్రైల్ రుచి మరిగాయి, దాని మీద అల్యూమినియం టేపు చుట్టాలి. పంపు మార్చాక రిటర్న్ 40 డిగ్రీలకి చేరగానే ఆగిపోయేలా చిన్న థర్మోస్టాట్ పెడతాను, సెన్సర్ పైపుకి ఎక్కడ కట్టాలో ఇంకా తేలలేదు.