నాన్న అడిగిన ధర

గ్లకోమాతో పక్క చూపు తగ్గాక నాన్న రాజమండ్రిలో కారు అమ్మేసి మూడేళ్లయింది. ఇప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో మా దగ్గర ఉన్నారు. నిన్న డ్రైవర్ లేని ట్యాక్సీ ఎక్కించాను. ముందు సీటు ఖాళీ, స్టీరింగ్ దానంతటదే తిరుగుతోంది. ఏటవాలు వీధిలో ఒక పెద్దావిడ రోడ్డు దాటుతుంటే కారు ఆగింది. అదే క్షణంలో నాన్న కుడికాలు అలవాటుగా బ్రేకు కోసం నేలని గట్టిగా నొక్కింది.

"ఇలాంటిది మనం కొనాలంటే ఎంతవుతుందిరా?" అన్నారు.

రాత్రి కూర్చుని వెతికాను. ఒకప్పుడు ఇలాంటి కారు పైన తిరిగే లైడార్, అంటే లేజర్ కాంతితో చుట్టూ ఉన్నవాటి దూరం కొలిచే పరికరం, ఒక్కటే 75 వేల డాలర్లట! ఇప్పుడు చాలా తగ్గింది గానీ, మేమెక్కిన రకం కారులో కెమెరాలే 29, లైడార్లు 5, రాడార్లు 6. అందుకే అవి ట్యాక్సీలుగా తిరుగుతున్నాయి, మనలాంటి వాళ్లకి అమ్మరు. ఇండియాలోకి 2025లో వచ్చినప్పుడు టెస్లా మోడల్ వై కారు దాదాపు 60 లక్షలు, సెల్ఫ్ డ్రైవింగ్ ప్యాకేజీకి ఇంకో 6 లక్షలు ఉండేది. అన్నీ పెట్టి కొన్నా, డ్రైవర్ కళ్లు రోడ్డు మీదే ఉండాలి. మరి నాన్నకి ఏం లాభం? ఈ టెక్నాలజీ అందరికంటే ముందు అందాల్సింది చూపు తగ్గినవాళ్లకి కదా. నాకు నిజంగా బాధేసింది.

పొద్దున ఈ లెక్కంతా చెప్పాను. నాన్న కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "ఇంకొక్కసారి ఎక్కిద్దువు గానీ, ఈసారి ముందు సీట్లో కూర్చుంటా" అన్నారు.