క్లాసులో మా నల్లగొండ

గ్లోబల్ హెల్త్, అంటే దేశదేశాల జనం ఆరోగ్యం గురించి, చదువుతున్ననంటే మా మర్రిగూడ దిక్కు అందరూ అడిగేది ఒక్కటే: "అయితే సూదులేస్తవా బిడ్డా?" వెయ్యను. చెప్పి చెప్పి అలిసిపోయిన.

మొన్న క్లాసులో సార్ ఇథియోపియా నీళ్లల్ల ఫ్లోరైడ్ గురించి చెప్పుకుంట బోర్డు మీద "నల్గొండ టెక్నిక్" అని రాసిండు. నీళ్లల్ల ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతది: పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేరినంక పైనీళ్లు తీసుకునుడు. నాగ్‌పూర్‌ల పర్యావరణ పరిశోధన చేసే నీరి (NEERI) సంస్థోళ్లు తయారుచేస్తే, మా జిల్లా పేరుతోటి టాంజానియా దాకా పోయింది. అందరు నా దిక్కు చూసిండ్రు. గొప్పగా అనిపియ్యలే. నాయనమ్మ యాదికొచ్చింది. గోడ పట్టుకుని లేచేది. మెడ తిరగక, పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూసేది. వాతమనుకున్నం చానా ఏండ్లు. తాగే నీళ్లల్ల ఎక్కువైన ఫ్లోరైడ్ ఎముకల్ల చేరి అట్ల బిగుసుకపోయేటట్టు చేసిందని తెల్వలే.

పక్కన కూసునే జియాలజీ అమ్మాయి ఈ ఫ్లోరైడంతా భూమిల గ్రానైటు రాయి నుంచి నీళ్లల్లకొచ్చేదేనన్నది. ఎకనామిక్స్ పిలగాడు బోర్ల ఖర్చు లెక్క తీసిండు. నేను నాయనమ్మ మోకాళ్ల గురించి చెప్పిన. తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ఆమెకెవరు చెప్పిండ్రు ఆ లెక్క?

ఇప్పుడు నల్లాల కృష్ణా నీళ్లొస్తున్నయి. అమ్మ మాత్రం గ్లాసు వెలుతురుకు పెట్టి చూసి గానీ తాగదు. ఫ్లోరైడ్ కంటికి కనపడదే అంటే, "నీకేం తెల్సు" అంటది.